లోపం: ఏమీ లేదు

మా అక్క ఏ విషయంలోనూ ఫిర్యాదు చెయ్యదు. ఆ లోటు మా ఇంట్లో నేను తీరుస్తాను.

ఫ్యాను చప్పుడు చేస్తే తిడతాను. చప్పుడు చెయ్యకపోతే అసలు తిరుగుతోందా అని తిడతాను. "ఈయన పుట్టగానే ఏడవలేదట, నర్సు మీద అరిచారట" అని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. చెప్పుకోనివ్వండి, నాకేం! లోకంలో ఎవరో ఒకరు అడగాలి కదా.

మాది చిన్న ప్రెస్సు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక గదిలో అచ్చుయంత్రం, మధ్యలో కాగితాలు మడిచే బల్ల. యంత్రం సంగతి నేను చూసుకుంటాను. కంప్యూటర్ మీద పేజీలు కట్టడం అక్క పని. బస్సుల వేళల పట్టికలంటే ఈ చుట్టుపక్కల ఎవరైనా మా దగ్గరికే వస్తారు. వరసల్లో వరసలు, గడుల్లో గడులు, చీమల్లాంటి అంకెలు. అక్క కట్టిన పట్టికలో ఒక్క అంకె కూడా పక్క గీత మీద కాలు పెట్టదు. తప్పుంటే నేను చెబుతాను, లేకపోతే ఊరుకుంటాను. మా ప్రెస్సులో మెచ్చుకోలంటే అదే.

కొన్నేళ్ల క్రితం అక్క కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు దానికేదో పేరు చెప్పాడు, ప్రమాదం లేదన్నాడు, పోదని కూడా అన్నాడు. అక్క నాతో ఒక్క ముక్క అనలేదు. తెర మీద బాణం ఈగలా ఎగురుతుంటే, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని మౌస్ జరుపుకునేది. ఒకరోజు నేను చూసి అరిస్తే అప్పుడు బయటపడింది. ఏదైనా ఉపాయం ఉందేమోనని వెతికితే ‘నిదానం’ అనే చిన్న ప్రోగ్రాం దొరికింది. చేతి వణుకుని అది లెక్కచెయ్యదు. చెయ్యి ఎటు పోవాలనుకుంటోందో అటు మాత్రం బాణాన్ని తీసుకెళుతుంది. బాణం ఒకచోట కాసేపు ఆగితే క్లిక్ కూడా తనే చేస్తుంది. ‘తాబేలు’ అని పేరు పెట్టుకున్న ఒకాయన ఎప్పుడో రాసి పెట్టాడట. తెర మూలన చిన్న తాబేలు బొమ్మ కనిపిస్తుంది, అంతే. దాన్ని పెట్టినప్పటి నుంచి అక్క మణికట్టు పట్టుకోవడం మానేసింది. నెమ్మదిగా మేము ఆ ప్రోగ్రాం సంగతే మర్చిపోయాం. కాలికి సరిపోయిన చెప్పు ఎవరికైనా గుర్తుంటుందా?

మా రెండు కంప్యూటర్లనీ నడిపించేది లినక్స్ అనే ఉచిత వ్యవస్థ. దాన్ని వాడేవాళ్లే తయారుచేసుకుంటారు, వాడేవాళ్లే బాగుచేసుకుంటారు, వాడేవాళ్లే దాని మీద పోట్లాడుకుంటారు. ఆ చివరిది ఉంది కాబట్టే నేను అందులో చేరాను. మేమంతా ఇంటర్నెట్‌లో కలుసుకునే ఫోరంలో నా పేరు ‘మిరపకాయ’. నేను పెట్టుకున్నది కాదు, వాళ్లే పెట్టారు. ప్రతి శనివారం నేనక్కడ ‘శనివారం కబుర్లు’ అని ఒక వార్తాపత్రం రాస్తాను. కొత్తగా ఏ ప్రోగ్రాం వచ్చింది, దేనికి మరమ్మతు జరిగింది, ఎవరెవరు ఎందుకు కొట్టుకుంటున్నారు, అన్నీ అందులో ఉంటాయి.

ఆ పత్రానికి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త డెస్క్‌టాప్, అంటే తెర మీద కనిపించే కిటికీలూ మెనూలూ అన్నీ కలిపిన ప్రోగ్రాం, ఏదొచ్చినా ముందు అక్క కంప్యూటర్లో పెడతాను. అక్క దాని మీద నిజం పని, నిజం పట్టిక చేసి చూడాలి. అప్పుడుగానీ వార్త చివర ‘అక్క సరేనంది’ అని రాయను. నేను పొగిడినా తిట్టినా ఎవరూ ఖాతరు చెయ్యరు గానీ, ఆ రెండు ముక్కల కోసం మాత్రం అందరూ చూస్తారు. అవి లేకపోతే చాలామంది కొత్తది ముట్టుకోరు.

ఈసారి రాబోయే డెస్క్‌టాప్ గురించి దాన్ని తయారుచేసేవాళ్లు ఊరించీ ఊరించీ చంపారు. విడుదలకి ముందు పరీక్షకని బీటా ఇచ్చారు. శనివారం సాయంత్రం అక్క వెళ్లిపోయాక దాన్ని ఆమె కంప్యూటర్లో పెట్టాను. అబ్బ, ఎంత బాగుందో! కిటికీలు వెన్నలా జారుతున్నాయి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాకే తిట్టడానికి ఏమీ దొరకలేదంటే చూసుకోండి. ఆ ఊపులో వార్త మొత్తం రాసేసి, చివర ‘అక్క సరేనంది’ అని కూడా ముందే టైపు చేసి పెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాగన్నమాట.

సోమవారం పొద్దున్న అక్క వచ్చి కూర్చుంది. నేను వెనక యంత్రానికి ఇంకు పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం ప్రూఫ్ కోసం ముందుకి వస్తే, ఎప్పుడో అయిపోవలసిన పట్టిక మొదటి వరస దగ్గరే ఉంది. అక్క ఎడమచెయ్యి కుడి మణికట్టు మీద ఉంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదురా. కొత్తది కదా, చెయ్యి అలవాటు పడాలి."

"అలవాటేంటి? అదేంటి ఆ బాణం అలా గంతులేస్తోంది?"

"అదే సర్దుకుంటుందిలే."

తెర మూల చూశాను. తాబేలు లేదు. మెనూ అంతా గాలించాను, ఎక్కడా లేదు. పాత ప్రోగ్రాం తెచ్చి బలవంతంగా ఎక్కించబోతే, కొత్త డెస్క్‌టాప్ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. నాకు తల తిరిగిపోయింది. పొద్దుట్నుంచి మనిషి ఇలా అవస్థపడుతుంటే, పది అడుగుల దూరంలో ఉన్న నన్ను ఒక్క కేక వెయ్యదా!

"నోరు లేదా నీకు?" అన్నాను.

"ఊరుకున్నంత ఉత్తమం లేదురా," అంది అక్క, ఎప్పటిలాగే. తర్వాత మౌస్ పక్కకి పెట్టి, ఒళ్లో చేతులు పెట్టుకుని, చాలా మామూలుగా అంది. "ఎన్నాళ్లని నా కోసం నువ్వు వెతుకుతావు? నేను మడిచే బల్ల దగ్గర కూర్చుంటాను. పేజీలకి ఇంకెవర్నైనా చూసుకో."

మడిచే బల్ల పని తక్కువని కాదు. కానీ అక్క చదువు మానేసి నన్ను చదివించిన రోజుల నుంచీ ఆమెకంటూ ఇష్టమైన పని లేదు. చివరికి దొరికింది ఈ పట్టికలే. ఒక వరస సరిగ్గా కుదిరితే తల కొంచెం పక్కకి వంచి చూసుకుంటుంది. ఆ చూపు నాకు తెలుసు. దాన్ని పోనిచ్చేది లేదనుకున్నాను.

అక్కకి పాత డెస్క్‌టాప్ మళ్లీ పెట్టేశాను, అప్పటికి పని నడిచింది. కానీ అది తాత్కాలికం. కొత్తది వచ్చాక పాతదానికి మరమ్మతులు ఆపేస్తారు. మరమ్మతు లేని కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌లో పెట్టడమంటే ఇంటి తలుపు తీసి ఊరెళ్లడమే.

ఫోరంలోకి వెళ్లి కొత్త డెస్క్‌టాప్ ప్రకటన అడుగుదాకా చదివాను. ‘ఈసారి తొలగించినవి’ అని చివర్లో ఒక ముక్క. అందులో నిదానం. పక్కన కారణం: ‘వాడేవాళ్లు లేరు.’

నేను ఒంటికాలి మీద లేచాను. ఏం రాశానో ఇక్కడ చెప్పలేను, పిల్లలు కూడా చదువుతారు. విడుదల పనులన్నీ చూసేది ‘పిచ్చుక’ అనే ఆవిడ. నా తిట్లన్నీ ఓపిగ్గా చదివి జవాబిచ్చింది.

"మిరపకాయ గారూ, మేం ఎవరి కంప్యూటర్లోకీ తొంగిచూడం. అది మన గొప్ప అని మీరే ఎన్నిసార్లో రాశారు. మరి ఎవరు ఏది వాడుతున్నారో మాకెలా తెలుస్తుందండీ? ఫిర్యాదులొస్తే తెలుస్తుంది. నిదానం మీద ఏళ్ల తరబడి ఒక్క ఫిర్యాదూ రాలేదు. తాబేలు గారు మాకు కనిపించి కూడా ఏళ్లయింది. ఎవరూ వాడటం లేదనే అనుకున్నాం."

"బాగా పనిచేసేదాని మీద ఎవడమ్మా ఫిర్యాదు చేసేది?" అని రాశాను.

ఈసారి ఆవిడ ఒప్పుకుంది. "నిజమే. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు."

తట్టదు మరి! లోపాలు పట్టి పట్టి బతికేవాళ్లం మేమంతా. ఇంట్లో ఏడ్చే పిల్లకే పాలు పోసి, నవ్వుతూ ఆడుకునే పిల్లని ఇంట్లోనే లేదనుకున్నాం.

పిచ్చుక నియమం కూడా చెప్పింది. శుక్రవారం సాయంత్రంతో తలుపులు మూసేస్తారు, ఆ తర్వాత కొత్త డెస్క్‌టాప్‌లోకి ఇంకేదీ చేర్చరు. ఆలోపు రెండు జరగాలి. వాడేవాళ్లు ఉన్నారని తేలాలి. నిదానాన్ని కొత్త డెస్క్‌టాప్‌కి సరిపడేలా మార్చి, ఇకమీద చూసుకునే మనిషి ఒకరు ముందుకు రావాలి. నాకు తిట్టడం వచ్చుగానీ ప్రోగ్రాం రాయడం రాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను. అక్క కూడా అక్కడే ఉంది. ‘కబుర్లు’ శనివారం దాకా ఆగకుండా రేపే ఒక ప్రత్యేక పత్రం వేస్తానని, రాసింది చదివి వినిపించాను. మా ఆవిడ పెన్ను తీసుకుని సగం కొట్టేసింది.

"ఈ తిట్లన్నీ ఎందుకండీ? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఏం కావాలో అడగండి చాలు. అయినా మీరు అడిగితే ఏముంది, మీరు రోజూ అరుస్తూనే ఉంటారు. వదిన అడగాలి."

"నేనా?" అంది అక్క. "నేనేం అడుగుతానమ్మా?"

"నిదానం మీద ఫిర్యాదు రాయండి వదినా."

"అయ్యో, బాగున్నదాన్ని బాగాలేదని ఎలా రాయను? కళ్లు పోతాయి!"

"బాగుందనే రాయండి. అడగందే అమ్మైనా పెట్టదు. మీరు ఉన్నారని వాళ్లకి తెలియాలి కదా."

అక్క నా వంకా ఆమె వంకా చూసింది. మర్నాడు ప్రెస్సులో, పాత డెస్క్‌టాప్ మీద, ఫిర్యాదుల పేజీ తెరిచింది. అందులో మొదటి గడి ‘లోపం ఏమిటి?’ అక్క ఆలోచించి టైపు చేసింది: ‘ఏమీ లేదు.’ కింద వివరం రాసింది: ‘నా కుడిచెయ్యి వణుకుతుంది. నిదానం ఉండటం వల్ల బస్సుల వేళల పట్టికలు కట్టగలుగుతున్నాను. ఇది చాలా బాగా పనిచేస్తోంది. తీసేస్తే నా పని పోతుంది. తీసెయ్యకండి. ఇన్నాళ్లూ చెప్పనందుకు ఏమీ అనుకోకండి.’

చివరి గడి ‘తీవ్రత’. అక్క ‘చాలా స్వల్పం’ ఎంచుకుంది.

"స్వల్పమేంటే!" అని అరిచాను. "పని పోతుందని రాసి స్వల్పమంటావేం?"

"వాళ్లకి వెయ్యి పనులుంటాయిరా. నాదే పెద్దదని ఎలా అంటాను?"

నేను వాదించబోయేలోగా అక్క జరిపిన బాణం నెమ్మదిగా ‘పంపు’ మీద ఆగింది. నిదానం తనే క్లిక్ చేసింది. ఫిర్యాదు వెళ్లిపోయింది.

నా ప్రత్యేక పత్రంలో ఆ రోజు ఒకే వార్త. అక్క ఫిర్యాదుని ఉన్నదున్నట్టు పెట్టి, కింద ఒక్క మాట రాశాను: ‘మీలో ఎవరైనా నిదానం వాడుతుంటే, లోపం లేదని ఫిర్యాదు చెయ్యండి.’

సాయంత్రానికి రెండోది వచ్చింది. గడియారాలు బాగుచేసే ఒకాయన: ‘లోపం: ఏమీ లేదు. చేత్తో గడియారం పట్టుకుంటే వణకదు, మౌస్ పట్టుకుంటే వణుకుతుంది. ఎందుకో దేవుడికే తెలియాలి.’ తర్వాత ఒక టీచరమ్మ. తర్వాత పటాలు గీసే అమ్మాయి. ఆ వెనక ఒక పెద్దాయన, ‘నేను పేకాట తప్ప ఏమీ ఆడను, అయినా నన్ను కూడా లెక్కలో వేసుకోండి’ అని. మర్నాటికి ఫోరంలో ఫిర్యాదుల బోర్డు నిండిపోయింది. పైనుంచి కిందిదాకా ఒకటే వరస: లోపం ఏమీ లేదు, లోపం ఏమీ లేదు. నేను చదువుతూ పోయాను, నవ్వు ఆగలేదు. కళ్లు కూడా తుడుచుకున్నాను, ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. వీళ్లంతా ఇన్నాళ్లూ ఎక్కడున్నారు? మా అక్కలాగే ఊరుకుని కూర్చున్నారు.

"ఇలాంటి ఫిర్యాదుల బోర్డు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు," అని రాసింది పిచ్చుక. "వాడేవాళ్లున్నారని తేలిపోయింది. కానీ చూసుకునే మనిషి కావాలి. అది లేకుండా నేనేమీ చెయ్యలేను."

శుక్రవారం వచ్చింది. ఎవరూ ముందుకు రాలేదు. జాలిపడ్డవాళ్లు బోలెడు, పని నెత్తికెత్తుకునేవాళ్లు లేరు. మధ్యాహ్నం దాటాక అక్క కంప్యూటర్ ముందు నుంచి లేచి, మడిచే బల్ల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. నేను చూడనట్టు నటించాను. నా చేతిలో ఇంకు డబ్బా మూత ఎంతకీ రావడం లేదు.

అప్పుడు ఫోరంలో ఒక కొత్త మాట కనిపించింది. పైన పేరు తాబేలు.

‘అందరికీ నమస్కారం. పాత మెయిల్ పెట్టె నిండిపోయిందని హెచ్చరిక వస్తే, ఏమిటా అని తెరిచాను. నిదానం మీద వచ్చే ప్రతి ఫిర్యాదూ ఆ పెట్టెలోకే వస్తుంది. ఏళ్లుగా ఒక్కటీ రాలేదు. ఒక్కరు కూడా తిట్టలేదంటే ఒక్కరు కూడా వాడటం లేదనుకున్నాను. కొంచెం బాధపడి, వేరే పనుల్లో పడిపోయాను. ఇవాళ మీ ఫిర్యాదులన్నీ చదివాను, రెండుసార్లు. కొత్త డెస్క్‌టాప్‌కి సరిపడేలా నేనే మారుస్తాను. ఇకనుంచి చూసుకునేది కూడా నేనే. పిచ్చుక గారూ, తలుపు కొంచెం తెరిచి ఉంచండి. బస్సుల పట్టికల అక్కగారూ, మీరు రాసిన తీవ్రత మాత్రం నేను మార్చేశాను, క్షమించాలి.’

వెంటనే చూశాను. అక్క ఫిర్యాదులో ‘చాలా స్వల్పం’ పోయింది. దాని చోట ‘అత్యవసరం’ అని ఉంది.

"అక్కా!" అని కేకేశాను. ఆ కేకకి వీధిలో పోయే సైకిలతను ఆగి లోపలికి చూశాడు. అక్క దుమ్ము గుడ్డ చేత్తో పట్టుకునే వచ్చి చదివింది. చదివాక గుడ్డ మడిచి, బల్ల మీద కాకుండా తన కంప్యూటర్ పక్కన పెట్టింది.

పిచ్చుక తలుపు తెరిచే ఉంచింది. తాబేలు ఆ తర్వాతి రోజుల్లో అక్కని రకరకాల ప్రశ్నలు అడిగాడు: చెయ్యి పొద్దున్న ఎక్కువ వణుకుతుందా సాయంత్రమా, చిన్న గడుల్లో ఎక్కడ ఇబ్బంది అని. అక్క మొదట ‘ఏం ఇబ్బంది లేదండీ’ అని రాసేది. ఆయన వదలకపోయేసరికి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. నేను ఎన్నేళ్లు అరిచినా రాని మాట, ఆయన నిదానంగా అడిగితే వచ్చింది.

కొత్త డెస్క్‌టాప్ విడుదలైంది. అక్క కంప్యూటర్లో పెట్టాను. మూలన తాబేలు ఉంది. ఆ రోజే అక్క పెద్ద పట్టిక ఒకటి మొదలుపెట్టి, టీ వేళకల్లా ముగించి, తల కొంచెం పక్కకి వంచి చూసుకుంది. నేను పక్క కంప్యూటర్లో ‘కబుర్లు’ తెరిచి, ‘అక్క స’ దాకా టైపు చేశాను.

"ఆగరా," అంది అక్క. "అప్పుడే రాయకు."

"మళ్లీ ఏమైంది? చెయ్యా?"

"చెయ్యి బాగానే ఉంది. ఈ కొత్త మెనూ రంగే నాకు నచ్చలేదు. బూడిద మీద బూడిద. అక్షరాలు వెతుక్కోవాల్సి వస్తోంది. ఫిర్యాదు రాస్తున్నాను."

"నువ్వా?"

"ఊరుకుంటే ఏమవుతుందో చూశాంగా," అంది, టైపు చేస్తూనే. "ఇంకోటి. ఈ కుర్చీ కాలు ఊగుతోంది. ఎప్పట్నుంచో."

"ఎప్పట్నుంచో అయితే చెప్పవేంటే!"

"ఇప్పుడు చెబుతున్నాను కదా. అరవకుండా బాగుచెయ్యి."

స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, ఆమె పక్కన నేల మీద కూర్చుని మర బిగించాను. అక్కడినుంచి తల ఎత్తితే తెర కనిపిస్తోంది. పట్టిక. వరసలన్నీ నిటారుగా, ఒక్క అంకె కూడా గీత తొక్కకుండా. ఇన్నేళ్లుగా ఇలాంటివి నా చేతుల మీదుగా యంత్రంలోకి ఎన్ని వెళ్లాయో. లోపం ఏమీ లేదు కాబట్టి నేను ఒక్కసారీ ఏమీ అనలేదు.

"అక్కా," అన్నాను. "పట్టిక చాలా బాగా కట్టావు. ఎప్పుడూ బాగానే కడతావు."

అక్క టైపు చెయ్యడం ఆపింది. కిందికి వంగి నా మొహంలోకి చూసింది. తర్వాత కుడిచెయ్యి చాచి నా నుదుటి మీద పెట్టింది.

"జ్వరం ఏమన్నా వచ్చిందేంట్రా?"

ఆ చెయ్యి నా నుదుటి మీద సన్నగా వణుకుతోంది. ఆమె తీసేదాకా నేను కదల్లేదు.